మిగతావన్నీ మారకుండా ఉంటే

డాక్టర్ సికజ్వే బోర్డు మీద రెండు గీతలు గీస్తాడు,
ఒకటి ఎక్కుతూ, ఒకటి దిగుతూ.
అవి కలిసేచోట ప్రతిసారీ సుద్దముక్క విరుగుతుంది.
ఏ సూత్రం చెప్పినా
"మిగతావన్నీ మారకుండా ఉంటే" అనే మొదలుపెడతాడు.
లుసాకాలో అక్టోబరు. కిటికీ అవతల జకరండాలు రాలి
మెట్లన్నీ ఊదారంగు.

మారకుండా ఉన్నవేమిటో నోటుబుక్కు చివర రాసుకున్నాను:
హాస్టల్ గేటు తుప్పు,
క్యాంపస్ చెరువులో బాతులు,
లోన్ బోర్డు తలుపు మీద
'వచ్చే వారం రండి' కాగితం.

నాకు గది రాలేదు. ముటింటా మంచంలో సగం నాది.
ఒకరి తల దగ్గర ఇంకొకరి కాళ్లు.
మొదటి రాత్రి తెల్లారేదాకా కబుర్లు,
ఐదో రాత్రి కొంచెం నవ్వు,
ఇరవయ్యో రాత్రికి గోడవైపు తిరిగి నిట్టూర్పు.
ఉపాంత ప్రయోజనం పాఠం రోజు
మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

దీపం కొండెక్కిందంటే ఆరిపోయిందని,
ధర కొండెక్కిందంటే పెరిగిందని.
ఆ నెల రెండూ ఒకే కొండ ఎక్కాయి,
మొక్కజొన్నపిండి బస్తా ముందు నడిచింది,
బల్బు దాని వెనకాలే.

గ్రేట్ ఈస్ట్ రోడ్డు పెట్రోలు బంకులో మాత్రం జనరేటరు.
టైర్లకు గాలికొట్టే మిషను పక్కన, ఆ తెల్లటి వెలుగులో,
పుస్తకం తెరిచి నిలబడితే
కాపలా బా కపాంబ్వే వచ్చాడు.
తరిమేస్తాడనుకున్నాను.
నూనెడబ్బాల అట్టపెట్టె విప్పి నేలమీద పరిచాడు.
"ఏం చదువు?"
"ధరలు ఎందుకు పెరుగుతాయో."
"తెలిశాక తగ్గిస్తావా?"
"అది సిలబస్‌లో లేదు."
నవ్వి, చొక్కాజేబులోంచి
వేయించిన వేరుశనగలు నాలుగు గుప్పిట్లో పోశాడు.

వరసలో కార్లు రోడ్డుదాకా వచ్చాయంటే
రేపు డీజిలు పెరుగుతుందని చెప్పేవాడు.
ఎప్పుడూ తప్పలేదు.
నేనేమో అదే సంగతికి
మూడు సమీకరణాలు, ఒక రబ్బరు అరగదీసేదాన్ని.
ఆరువారాలు ఆ అట్ట మీదే కూర్చున్నాను.
దాని మీద నా ఆకారంలో పల్లం పడింది.

తర్వాత, ఒక బుధవారం, లోన్ పడింది.
కోడికూర తిన్నాం. ముటింటాకి చెప్పులు.
నాకు సోలార్ దీపం, చిన్నది, పచ్చ ప్లాస్టిక్‌ది.
మంచం మీద, ఆమె కాళ్ల పక్కనే,
పదకొండు అధ్యాయాలు తిరగేశాను.
బంకువైపు కాలు కదల్లేదు.
రేపు వెళ్దాం అనుకున్నానేమో, గుర్తులేదు.

పరీక్షలో నాలుగో ప్రశ్న:
'ఆదాయం పెరిగితే గిరాకీ తగ్గే సరుకును
నాసిరకం సరుకు అంటారు. సొంత ఉదాహరణతో వివరించుము.'
అందరూ ఎండుచేప రాశారు, పాతబట్టలు రాశారు.
నా పెన్ను
'పెట్రోలు బంకు వెలుగు' అని రాసి ఆగింది.
గీత కూడా గీశాను, సరిగ్గానే వంగింది.
నాసిరకం అన్న మాట పక్కన
ఆ వేరుశనగలు ఎక్కడ పెట్టాలో తెలియక
ఐదు నిమిషాలు వృథా చేశాను.

పేపర్లు తిరిగొచ్చాయి. ఎర్రసిరాతో
"రేఖ సరైనదే. ఉదాహరణ వింత" అని,
పదికి ఏడు.

అప్పటికి వానలు మొదలయ్యాయి.
గొడుగు లేకుండానే రోడ్డు దాటి వెళ్లాను.
నా చోట ఎవరో కుర్రాడు,
సర్వే ఇంజనీరింగ్ పుస్తకం, తడిసిన సాక్సులు.
బా కపాంబ్వే నన్ను చూసి,
"నమాసికూ, పాసయ్యావా?" అన్నాడు, అంతే.
ఎందుకు రాలేదని అడగలేదు.
మిషను వెనక చెయ్యిపెట్టి
మడిచి, పాలిథీన్ చుట్టి దాచిన అట్ట తీశాడు.
పొడిగా ఉంది.
పల్లం అలాగే ఉంది.

నేను కూర్చున్నాను,
చదవడానికి ఏమీ తెచ్చుకోలేదని
అప్పుడు గుర్తొచ్చింది.