సుడికి కొలత

చీమకుర్తి క్వారీ రోడ్డులో
పాలిష్ ఫ్యాక్టరీ గోడ వెనక రేకుల షెడ్డు.
ఆదివారం పొద్దున్నే నలుగురం:
వెల్డింగ్ షాపు సుభానీ,
లారీ టైర్లకి పంచర్లేసే మాల్యాద్రి,
పదో తరగతి తప్పి, మాట్లాడటం కూడా తప్పినట్టుండే ఒక పిల్లోడు,
బ్యూటీ పార్లర్ నడిపే నేను.

గురవాచారి మమ్మల్ని చూసి నవ్వలేదు.
ముప్పయ్యేళ్ళు రాతిపనోళ్ళ ఉలులకి మొన తీశాడు.
వజ్రాల తీగ వచ్చి కొండని వెన్నలా కోశాక
ఉలులు రావడం మానేశాయి.
"కొలిమి ఊరుకోదుగా," అంటాడు,
"దానికి ఆకలేస్తది."

"ఏంది పార్లరమ్మా, నీకేం పనిక్కడ?"
మొదటివారం మాల్యాద్రి అడిగాడు.
చెప్పలేదు.
పదకొండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళ అరచేతుల్లో
నేను గీసిన తీగలన్నీ
పదిహేను రోజులకి అంట్లసబ్బుకి అప్పగించానని
ఎట్టా చెప్పేది?

మొదటి పాఠం రంగులు.
"వంకాయ రంగులో కొట్టావా, దాగలి నిన్ను తిడతది.
పండు మిరపకాయ, ఊఁ, వంచొచ్చు.
బత్తాయి తొక్క, అప్పుడు నీ మాట వింటది.
నిమ్మపండు దాటిందా, చిచ్చుబుడ్డే.
ఇంక ఇనుం లేదు."
సంతలో కూరలు ఏరినట్టు
నిప్పుని ఏరడం నేర్చుకున్నాం.
మూలన కరెంటు బ్లోయరు ఉంది గానీ
తిత్తే లాగమంటాడు,
ఊపిరి మన చేతిలో ఉండాలంట.

రెండో నెల తమలపాకు చేశాను.
చువ్వ కొసని సాగదీసి, మెడ దగ్గర నొక్కి,
ఉలితో నడిమి ఈనె పెట్టి,
ఇంకొక్క వేడి చాలనుకున్నాను.
ఫోను మోగింది. ఎవరో ఫేషియల్ రేటు అడిగారు.
చెప్పి తిరిగేసరికి
బొగ్గుల్లో కాకరపువ్వొత్తి.
పటకారుకి తొడిమ మిగిలింది.

ఆచారి ఏమీ అనలేదు. తొడిమని నీళ్ళలో ముంచి
గోడమేకుకి తగిలించాడు.
అక్కడ అప్పటికే ఉన్నాయి
సుభానీ కొక్కెం, పిల్లోడి పాము తల.
అన్నిటికన్నా ముందున్నది బాగా తుప్పుపట్టింది.
ఎవరిదని అడిగితే
"నాదే. మా నాయన తగిలించాడు."

ఆ తర్వాత సుళ్ళు.
నేల మీద సుద్దముక్కతో సుడి గీసి
గోగునార దారం నా చేతికిచ్చాడు.
"గీత మీద పరువు. విప్పి లాగు. అంత చువ్వ కావాల."
జానెడు సుడి.
విప్పితే రెండు మూరలకి రెండు వేళ్ళు తక్కువ.
ఇన్నాళ్ళూ నాకు సుడంటే
మణికట్టు ఒక్కసారి తిరిగినంత.

గేటుకి జత కావాలి, కుడికొకటి ఎడమకొకటి.
కుడిది చక్కగా వచ్చింది.
ఎడమది మూడు వారాలు ఏడిపించింది.
పెళ్ళికూతురి రెండు చేతులకీ
నేను ఒకే వైపు తిప్పుతాను,
ఎవరూ కనిపెట్టలేదు.
ఇనుము కనిపెట్టింది.

సుభానీ పటకారు పట్టుకున్నాడు.
పిల్లోడు తిత్తి లాగుతూ లాగుతూ
మొట్టమొదటిసారి నోరు తెరిచాడు:
"అక్కా, బత్తాయి."
కొట్టాను.

జత కలవలేదు. ఎడమది వేలెడు పెద్దది.
రెంటినీ పక్కపక్కన పెట్టి ఆచారి చాలాసేపు చూశాడు.
"గేటుకి పనికిరావు," అన్నాడు.
టీ తాగాడు.
"కిటికీకైతే..." అని ఆగాడు.
ఇంకేం అనలేదు.

శుక్రవారం, సంతనూతలపాడు పెళ్ళిపిల్ల
చెయ్యి చాపి, నా బొటనవేలి బొబ్బ చూసి
"నూనె చిందిందా అక్కా?" అంది.
ఊఁ అన్నాను.
కుడి అరచేతిలో ఒక సుడి.
ఎడమ అరచేతిలో దానికి ఎదురు సుడి.
చెయ్యి తడబడింది, కోను ఆగింది,
మళ్ళీ కదిలింది.
ఆ పిల్ల స్పీకర్లో ఎవరితోనో పట్టుచీరల గురించి గొడవపడుతోంది.
నేను లోలోపల దారం పరుస్తున్నాను,
ఇది విప్పితే
గాజులు దాటుతుందా,
మోచేతి దాకా వస్తుందా అని.