చప్పుడు రాని నేల

ఇరవై రెండేళ్లుగా మరిబోర్‌లో నేలలు అమ్ముతున్నాను.
ఎవరొచ్చినా నాది ఒకటే పాట:
ఓక్ గట్టిది, వాల్‌నట్ అందగత్తె,
బీచ్ మాత్రం తేమ తగిలితే
అలిగిన అల్లుడిలా ఉబ్బుతుంది.
చివర్లో మంత్రంలా,
"అడుగున ఈ బూడిదరంగు పొర పరిపించుకోండి,
ఏనుగు నడిచినా చప్పుడు రాదు."

ఆ మంగళవారం వచ్చిన ముగ్గురికీ అదే చెప్పాను.
మంచు అంటిన బూట్లు గుమ్మంలోనే విప్పేశారు.
తండ్రి నా పెదవులవైపే చూస్తున్నాడు.
తల్లి ఒక ఓక్ ముక్కని చెంపకి ఆనించుకుంది.
ఏడేళ్ల పిల్ల నా మాటల్ని
చేతులతో గాల్లో అల్లి వాళ్లకి అందిస్తోంది.
పొర దగ్గరికి వచ్చేసరికి ఆ చేతులు ఆగాయి.
"చప్పుడు రాకపోతే అమ్మని ఎలా పిలవాలి?"

చెవిటివాడి ముందు శంఖం...
నాలుక చివరిదాకా వచ్చిన సామెతని మింగేశాను.
చాలాసేపు చేపముల్లులా గొంతులోనే ఉంది.

పిల్ల పేరు జార్యా. నాకు ఓపిగ్గా నేర్పింది:
ఇప్పుడుంటున్న ఇంట్లో కాంక్రీటు, దానిమీద పింగాణీ పలకలు.
ఎంత తొక్కినా మూగనేల.
అమ్మ కావాలంటే వెళ్లి భుజం తట్టాలి,
లేదంటే దీపం ఆర్పి వెలిగించాలి.
నాన్న మెట్లమీంచి పడ్డరోజు
అమ్మ పక్కగదిలోనే బట్టలు మడతపెడుతోందట.

నా దుకాణం నేలా కాంక్రీటే.
దానిమీద నా ఖరీదైన నమూనాలన్నీ మొద్దులు.
తాళంచెవి తీసి
గోదాము అటకమీదికి తీసుకెళ్లాను.
అక్కడ మా నాన్న పరిచిన పలకలున్నాయి,
దూలాలమీద, కిందంతా బోలుగా.
అమ్మకానికి కావు. ఊడ్చి కూడా చాలాకాలమైంది.

తల్లి నేజా గోడ పక్కన కళ్లు మూసుకుని నిలబడింది.
తండ్రి అవతలి కొసకి వెళ్లి మడమతో ఒక్కటి కొట్టాడు.
ఆమె చెయ్యెత్తింది.
మెల్లగా కొట్టాడు.
ఎత్తింది.
బొటనవేలితో, పిల్లి అడుగంత.
కాసేపు ఆలోచించి,
ఎత్తింది.

ఇక నేనూ చొక్కాచేతులు మడిచాను.
కట్టలు మోసుకొచ్చి ఒక్కో చెక్కా దూలాలమీద పరిచాను.
ఓక్ వద్దన్నారు, బరువుగా గొణుగుతోందట.
వాల్‌నట్ ధర విన్నాక దాని గొంతు వినలేదు.
యాష్ దగ్గర ముగ్గురి అరికాళ్లూ ఆగిపోయాయి.
గొడ్డలి పిడులు చేసే కర్ర అది,
దెబ్బని మింగేస్తుందని నా చదువు.
వాళ్ల పాదాలు ఆ చదువుని ఒప్పుకోలేదు.

నలభై ఆరు చదరపు మీటర్లు,
పలకల వెడల్పు జానెడు, ముడులున్నా పరవాలేదు.
బిల్లులో పొర అన్న వరస
నా చేత్తోనే కొట్టేశాను.
నిజం చెప్పాలంటే, నా లాభంలో సగం అందులోనే ఉంటుంది.
ఆ రాత్రి మా ఆవిడ తిట్టింది. ఆమె లెక్క ఆమెది.

జనవరిలో, పొడిచలికి చెక్క కుదించుకుంటుంది కదా,
ఒకసారి చూసొద్దామని వెళ్లాను.
గంట నొక్కితే కిటికీలో దీపం మూడుసార్లు మిటకరించింది.
లోపల అంతా బాగానే ఉంది,
పిల్ల గది ముందున్న ఒక్క పలక తప్ప.
అడుగేస్తే కిర్రుమంది.
ఇంకోసారి వేశాను. కిర్ర్.

మర మేకు తీసి మోకాళ్లమీద కూర్చోగానే
ఊలు మేజోడు తొడిగిన చిన్నపాదం
వచ్చి ఆ పలకమీద నిలబడింది.
"బాగుచెయ్యకండి. ఇది నాకొక్కదానికే."

గుసగుసగానే అంది, అలవాటు లేక.
అని, కావాలనే ఒక్కసారి గెంతింది.
వంటింట్లోంచి వాళ్లమ్మ తల తిప్పి చూసింది,
ఆమెకి అందింది వేరే.

మేకు జేబులో వేసుకుని,
వాళ్లిచ్చిన కాఫీ తాగి వచ్చేశాను.