టేపు తడి

ప్రతి నెల ఇరవై తారీఖు
మానేరు ఒడ్డున, బడి వెనక
బోరుగొట్టం మూత తీసి టేపు దింపుత.
తడి తగిలిన కాడి అంకె రాస్త.
ఈ మే నెల పదకొండు మీటర్ల అరవై.
పోయినేడు ఆరే.

ఎదురుంగ ఇసుక లారీలు.
ఒక్కోదానికి వే బిల్లు, సంతకం, గుండ్రటి ముద్ర.
మీటరు లోతుకే పర్మిషనట.
కాయితంల ఏరు మీటరే దిగింది.

"టేపు సాగిందేమో ఓదెమ్మా,
మళ్ల కొలువు" అన్నడు సారు.
సాగితే అంకె తగ్గాలె గద!

మళ్ల కొలిచిన.
ఇంకో రెండు వేళ్లు కిందికే.

అంకె దిద్దలే.
రిజిస్టర్ల ఆ గడి మీద
టేపు కొసకెళ్లి ఒక చుక్క రాలి
సిరా అలుక్కున్నది.
దాన్ని సాక్ష్యమంటరో, కొట్టివేతంటరో
కోర్టోళ్లకే తెల్వాలె.