కొడవళ్ళు

సిరొంచ ఆసుపత్రి ల్యాబు.
కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద కంప్యూటరు
రక్తపు చుక్కలో కొడవళ్ళు ఏరుతోంది.

దానికి చదువు చెప్పింది నేనే.
రెండు వానాకాలాలు పట్టింది, పెట్టెలనిండా పాత స్లైడ్లు:
ఇది గుండ్రం, ఇది వంకర,
ఇది రంగు ఒలికిన మరక.

నూట పద్నాలుగో స్లైడు ఆత్రం రైనుబాయిది.
తొమ్మిదేళ్ళు.
ప్రాణహిత పొంగిన రాత్రి
పడవ దొరకలేదు.

ఇవాళ ఆమె తమ్ముడు బల్ల మీద కాళ్ళూపుతున్నాడు,
చొక్కా నిండా బిస్కెట్ పొడి.
తెర మీద ఒక్కొక్కటే ఎర్ర సున్నాలు. పదకొండు.
నా కంటికి తొమ్మిదే కనిపించాయి.

"ఏమంటాంది సారూ?" వాళ్ళమ్మ.

మందుంది తల్లీ, అన్నాను. నెల నెలా రావాలె.

గుర్తుపట్టిందెవరో మాత్రం
చెప్పలేదు.