తారు చుక్క

ఫెర్రీ టికెట్ల గది మూసి ఇంటికొచ్చేసరికి
వంటింటి బల్ల మీద గొర్రె సగమైంది.
తల లేదు. కాళ్ళకి బదులు నాలుగు తీగముక్కలు.
కళ్ళజోడు ముక్కు చివరికి జారిపోగా
మా మామగారు ఎవరిస్తో
దాని పొట్టలోకి వెండికాగితం ఉండ కుక్కుతున్నారు.

మిలెంకా బడి కోసం తెచ్చుకున్న ఫోమ్ క్లే అది.
మూత తీస్తే కొత్త చెప్పుల వాసన.
నొక్కితే దిగుతుంది,
వదిలితే కాస్త ఆలోచించుకుని మళ్ళీ లేస్తుంది.
"ఇదేం మట్టే, బరువేదీ?" అని
పొద్దున అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారట.

ఆ చేతులకి తెలిసింది గొర్రె బరువు.
అరవై కిలోల పొట్టేల్ని
మోకాళ్ళ మధ్య కూలేసి, గడ్డం కింద ఎడమచెయ్యి పెట్టి,
పొట్ట నుంచి వీపు చుట్టూ
ఒక్క దుప్పటిగా ఉన్ని దించిన చేతులు.
రోజుకి నూట అరవై. నలభై ఒక్క వేసవులు.
పింఛను వచ్చింది గానీ
నడుం ఇంకా ఆ వంపులోంచి లేవలేదు.

మా ఊరు పోర్వెనీర్. రాబోయే కాలం అని దాని అర్థం.
మాకిక్కడ రాబోయేది ఎప్పుడూ గాలే.
జలసంధి దాటి వచ్చి, రేకుల కప్పుల మీద కూర్చుని,
ఎవరో పిలిచినట్టు మళ్ళీ లేచి పోతుంది.

"ఫోర్కుతో గీకేస్తే చాలు తాతా, ఉన్నిలాగే ఉంటుంది"
అంది మిలెంకా.
ఆయన విన్లేదు.
శనగగింజంత తుంచి,
రెండు వేళ్ళ మధ్య దారంగా పేని,
పంటిపుల్లకి చుట్టి, పుల్ల లాగేసి,
నీటిబొట్టు అద్ది, అంటించి,
మళ్ళీ శనగగింజంత తుంచి.
తియ్యడానికి రెండున్నర నిమిషాలు పట్టేది.
పెట్టడానికి మూడు రాత్రులు పట్టింది.
మూడో రాత్రి నేను నీళ్ళకని లేస్తే
దీపం కింద ఆయన పెదాలు కదులుతున్నాయి.
లెక్కపెడుతున్నారో, దాన్ని ఊరడిస్తున్నారో.

కిటికీ గట్టు మీద ఆరబెట్టాం. ఒక పగలూ ఒక రాత్రీ.
శనివారం గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడు
తలుపు బార్లా తీశాడు.
గొర్రె లేచింది.
లేచి, పంచదార డబ్బా మీదుగా,
మిలెంకా కేక మీదుగా,
పొయ్యి కిందికి పోయి పడింది, చప్పుడైనా లేకుండా.
తీసి చూస్తే ఒక చెవి వంగింది, అంతే.
మామగారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు.
"బతికున్నవే నయం! గాలికి వీపు తిప్పి నిలబడేవి."
వంగిన చెవిని అలాగే ఉంచారు.

రంగులు మిలెంకా వంతు.
మూతికి గోధుమ, డెక్కలకి బూడిద, కళ్ళకి రెండు నల్లపూసలు.
అంతా అయ్యాక ఆయన పుల్ల అందుకుని
నల్లరంగులో ముంచి
కుడి డొక్క మీద, తెల్లటి ఉంగరాల నడుమ
ఒక చుక్క పెట్టారు.

"పాడుచేశావ్!"

అప్పుడు చెప్పారు.
కత్తెర పట్టకముందు, పదకొండేళ్ళప్పుడు,
ఆయన పని తారు డబ్బా మొయ్యడం.
పాకలో ఇరవై యంత్రాలు ఒక్కసారి గుర్రుమంటుంటే
ఎక్కడో చర్మం తెగుతుంది.
"తారూ!" అని కేక.
డబ్బా, పుల్ల పట్టుకుని పరుగు.
గాయం మీద ఒక అద్దు. ఈగ వాలకుండా.
మళ్ళీ కేక. మళ్ళీ పరుగు.
"ఒక్కసారి మాత్రం పరిగెత్తలేదు," అన్నారు.
మిలెంకా ఎందుకని అడగబోయింది,
నేను దాని మోచెయ్యి పట్టుకున్నాను.
ఆయన పుల్లని గుడ్డతో తుడుస్తున్నారు,
తుడిచిన చోటే తుడుస్తున్నారు.

ఇప్పుడది నా టికెట్ల కిటికీలో ఉంటుంది,
అద్దం ఇవతల, గాలికి అందకుండా.
ధర అడుగుతారు. అమ్మనంటాను.
నిన్న ఎర్ర కోటు ముసలావిడ ఒకామె
చేతిలోకి తీసుకుని, "అబ్బ, ఏమీ లేనట్టుందే" అని తేలిగ్గా ఊపి,
డొక్క మీద మురికేదో అంటిందనుకుని
బొటనవేలు తడిచేసుకుని రుద్దింది.
గోటితో గీరింది.
ఫెర్రీ కూత వేసింది.
వదిలేసి వెళ్ళింది.