పదకొండు

మేక ముట్టని ఆకు సీతాఫలమాకు.
బాలానగర్ గుట్టల పొంటి, ఎండకాలం,
ముండ్లకంప దాంక గీరుక తిన్న మందలు
దీని కాడికొచ్చి ఒక్కసారి వాసన జూసి
తల తిప్పుకుంటయి.

యూరియా సంచిల కుక్కి తెచ్చింది మంజుల,
పాత్లావత్ మంజుల, ఫైనలియరు.
బస్సుల కండక్టరు లగేజి కొడ్తనన్నడట.
ఆకుకు టికెట్టేందన్నా అంటే నవ్విండట.

నేను ఈ ల్యాబుల పద్దెనిమిదేండ్ల సంది
గాజుగిన్నెలు కడుగుత, అగార్ కాస్త.
జొన్నగట్క కంటె పైలంగ కాయాలె.
అడుగంటొద్దు, బుగ్గ రావొద్దు,
పోసేటప్పుడు మాట్లాడొద్దు.
మన నోట్లె ఊపిరి గూడ ఆడ మొలుస్తదంటది
ఫర్జానా మేడం.

వారం దినాలు నీడకు ఎండబెట్టినం,
స్టోర్‌రూంల పాత పరీక్షపేపర్ల మీద.
మిక్సీ పట్టి
సగం నీళ్ళల్ల, సగం స్పిరిటుల నానేసినం.
నీళ్ళదే పని జేస్తదని నేనే చెప్పిన.
మా అత్త కిష్టమ్మ,
కాడి రాసి ఎద్దు మెడ పుండైతే,
పుండుల పురుగులు పడితే,
ఈ ఆకే నూరి కూరింది.
స్పిరిటు యాడిది ఆమెకు?

తెల్లారి ఇంక్యుబేటరు తలుపు తీసినం.
పులిసిన పిండి వాసన.
గిన్నె నిండ బ్యాక్టీరియా పారింది,
మీగడ తీరుగ, సందు లేకుంట.
నీళ్ళ బిల్లను ఆనుకోని గూసున్నది.
ఏం లేదు. సున్న.
మా అత్తను ఎవరో నలుగుర్ల తిట్టినట్టైంది నాకు.

స్పిరిటుల నానిన ఆకు బిల్ల సుట్టు మాత్రం
చందమామకు వరదగుడి కట్టినట్టు
పల్చగ, గుండ్రంగ.
ఒట్టి స్పిరిటు బిల్ల పక్కనే ఉన్నది, దానికి గుడి లేదు.
అంటే ఇది ఆకుదే.

దుకాణపు మందుబిల్లకు ఇరవై ఆరు.
ఆకుకు స్కేలు పెట్టి సూసింది మంజుల,
తుడిచి మళ్ళ సూసింది.
"పద్నాలుగు రాద్దునా అంజిలమ్మక్కా?
పద్నాలుగైతే మంచిగుంటది."
మేడం మీటింగుల ఉన్నది.
ఫ్యాను తిరుగుతున్నది.

నేను పదో తరగతి దాటలే.
అయినా పెండ్లికి ముందు బట్టల దుకాన్ల
వేలెడు ఎక్కువ పోకుంట కోసిన కండ్లు నావి.
వెలుగుకు పట్టి సూసిన.
"పదకొండే బిడ్డా."
"అండ్ల బిల్లే ఆరుంటదక్కా."
"అయితె ఆకు గెలిచింది అయిదు.
ఈ పక్క రెండున్నర, ఆ పక్క రెండున్నర."

బియ్యపుగింజ అడ్డం కొలత.
అంత జాగనే ఖాళీ చేయించింది
చుక్క నీళ్ళు లేని రాళ్ళ నడుమ నిలబడ్డ చెట్టు.
ఎవలూ మందు కొట్టకుంట
తన చేదు తనే వండుకున్నది.
మనకోసమని కాదు.
మన పుండ్లు దానికి తెల్వయి.

"మరి నీళ్ళల్ల ఎందుకు దిగలే అక్కా?"

అప్పుడు యాదికొచ్చింది.
మా అత్త నీళ్ళు పోయనే లేదు.
పచ్చాకు, ఇంత సున్నం, రోలు. అంతే.
నూరిన చెయ్యి రెండు దినాలు కంపు గొట్టేది,
ఆ చేత్తోటి వడ్డిస్తే మా ఇంటాయన
పళ్ళెం జరిపి లేస్తుండె.
నేనే మరిసి
నీళ్ళని సాక్ష్యం జెప్పిన.

పదకొండు అని రాసింది మంజుల,
నీలం పెన్నుతోటి, కొట్టివేత లేకుంట.
దాని కింద నీళ్ళకు సున్న.
ఆ సున్నను గూడ గుండ్రంగనే దిద్దింది.

పొద్దు వాలినంక గిన్నెలన్నీ ఆటోక్లేవుల పెట్టిన.
ఆవిరి బుస్సుమన్నది.
బ్యాక్టీరియా పాయె, గుడీ పాయె,
కడిగితే ఉత్త గాజు.

సంచి దులుపుకుంట అడిగింది పిల్ల,
"ఆ ఎద్దు బతికిందా అక్కా?"

జడ్చర్ల బస్సుకు టైమైతున్నది.
పుండు మానిందో,
మానకముందే అంగట్ల అమ్మిండ్రో,
ఎంత తోడినా యాదికి రాలే.

"అది రాయకు" అన్న.