నిలువు గీత

వాల్దీవియాలో వాన ఆగదు.
నది గట్టున చేపల బజారు వెనక
తలకాయల కోసం సముద్రసింహాలు కొట్లాడుకుంటుంటే
మూడో అంతస్తులో కూర్చుని నేను ఫోన్లు చేస్తుంటాను.
బతికున్నారా అని అడగకూడదు.
"ఎలా ఉన్నారు?" అనాలి.
అవతల వేరే గొంతు పలికితే
పెన్ను మూత తీయాలి.

పిత్తాశయంలో రాచపుండు.
మామూలు మందులకి మూడోది కలిపితే
ఇంకెన్నాళ్లు, అన్నది ప్రశ్న.
నూట పన్నెండు మంది జవాబు.
చీటీ తీసేది కంప్యూటరు.
మూడో సీసాలో మందుందో ఉత్త ఉప్పునీళ్లున్నాయో
డాక్టర్ బస్తీదాస్‌కీ తెలియదు,
సూది గుచ్చే నాకూ తెలియదు,
చెయ్యి చాపినవాళ్లకి అసలే తెలియదు.

నలభై ఒకటో నంబరు, ఒటీలియా మాన్సియా.
చిలోయే అవతల ఓ చిన్న దీవి నుంచి
రెండు పడవలు, రెండు బస్సులు మారి వచ్చింది.
ఒప్పుదల కాగితం పద్నాలుగు పేజీలూ
వేలు పెట్టి చదివింది.
"దీనివల్ల నాకు మేలా?"
తెలియదు, తెలుసుకోవడానికే అన్నాను.
"అయితే నా తర్వాత వచ్చే ఆవిడకా?"
కావచ్చు.
"ఆవిడ పేరేమిటి?"
నేను కాగితాలు సర్దుకున్నాను.
ఆమె సంతకం చేసింది, పేరులో ప్రతి అక్షరం విడివిడిగా,
విత్తనపు దుంపలు నాటినట్టు.

ఆరు విడతలు వచ్చింది.
ఏడో విడతకి రాలేదు.

బస్తీదాస్ గోడ మీద గీత చూపిస్తాడు.
అందరూ ఉన్నచోట, ఎడమ పక్క పైన, మొదలవుతుంది.
తర్వాత మెట్లు.
ఎవరూ తిరిగి ఎక్కని మెట్లు,
మెట్టుకొకరు.
ఇరవై మూడు, దోన్ ఎవారిస్తో, కమ్మరి,
సూది కంటే నా చలిచేతులకే ఉలిక్కిపడేవాడు.
అరవై, బడి పంతులమ్మ.
ఆ పక్కన ఒకే వారం ఇద్దరు, మెట్టు కాస్త లోతు.
మధ్యలో అక్కడక్కడ
వెంట్రుకంత నిలువు గీతలు.
చివరిసారి చూసినప్పుడు ఉన్నారు, అని అర్థం.
ఆ తర్వాత సంగతి గీతకి తెలియదు.

శుక్రవారం అయిదింటికి లెక్క మూసేస్తారు.
అయిదుకి పది నిమిషాలుండగా మళ్లీ చేశాను.
దీవిలో ఫోను మోగింది, మోగింది,
గాలికి తలుపు కొట్టుకున్నట్టు.
"గీత పెట్టెయ్," అన్నాడు బస్తీదాస్, మెల్లగానే.
పెట్టాను.
భూమ్మీద ఆమెకింకా నూకలున్నాయో లేదో
నా చేతిలో లేదు; మీట నొక్కడం ఉంది.

మంగళవారం లాంచీ కుర్రాడు ఎలియెసర్
తడి బూట్లతో పైకొచ్చాడు.
గోనెసంచి. పది నల్లటి బంగాళాదుంపలు,
వాటి కింద మేమిచ్చిన డైరీ.
వాంతులెన్ని అన్న గడిలో
సముద్రం పోటు ఎప్పుడో రాసింది.
నిద్ర అన్న గడిలో, గొర్రె ఈనింది, రెండు.
నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అంటే
"దేనితో పోల్చి?"
తేదీలు వెతికాను.
చివరిది, లెక్క మూసిన మర్నాడు.
ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగా,
కొన్నిటికి మట్టి వేలిముద్రలు.

నియమం నియమమే. గీత కదలదు.

ఎలా ఉన్నారు, అని కుర్రాణ్ణి అడిగాను,
నోటికి అలవాటైన మాట.
సంచి ఇచ్చిన రోజు గుమ్మం దాకా వచ్చిందట,
దుప్పటి కప్పుకుని.
మళ్లీ అటు వెళ్లలేదట, పోర్టు మూసేశారు, తుపాను.

మెట్లు సగం దిగి వెనక్కి తిరిగాడు.
"మర్చిపోయాను. ఒకటి అడగమంది.
తన నంబరు ఇంకెవరికైనా ఇచ్చేశారా అని."

లేదని చెప్పాను.
అది ఎవరికీ ఇవ్వం.